హైస్కూలు గేటు దగ్గర సెక్యూరిటీ: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్లు ఆఫీసు పనులు చూశాను. ఫీజు కౌంటర్ దగ్గర కంటే గేటు దగ్గరే ఎక్కువ గొడవలు తీర్చాను. కింది ప్రశ్నలన్నీ అప్పట్లో ఎవరో ఒకరు నన్ను అడిగినవే. కొందరు కోపంగా అడిగారు, కొందరు మొహమాటపడుతూ అడిగారు. చట్టంలో ఉన్నదాన్ని చట్టమనే రాశాను. మిగతాది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

హైస్కూలు పిల్లలు పెద్దవాళ్లే కదా, వాళ్లకు సెక్యూరిటీ ఎందుకు?

చిన్న క్లాసుల పిల్లలు తప్పిపోతారేమోనని భయం. హైస్కూలు పిల్లలు తప్పిపోరు, తప్పించుకుపోతారు. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజు పోతారు, ఇంట్లో గొడవైన మర్నాడు పోతారు, ఫోన్లో ఎవరో కొత్తగా పరిచయమైనప్పుడు పోతారు. మన ఊళ్లో అది మరీ సులువు. తిరుపతి బస్టాండులో, రైల్వే స్టేషన్లో రోజూ వేలమంది యాత్రికులు. భుజాన బ్యాగు ఉన్న పిల్లవాణ్ణి ఆ జనంలో ఎవరూ ఆపి అడగరు. మూడు నాలుగు గంటల్లో చెన్నైలో ఉంటాడు. చిత్తూరు నుంచైతే వేలూరు ఇంకా దగ్గర. ఆపి అడిగే మనిషంటూ ఉంటే అది బడి గేటు దగ్గర నిలబడ్డవాడే.

బయటివాళ్లు లోపలికి రావడం రెండో సంగతి. అందరూ దాని గురించే అడుగుతారు.

వాచ్‌మన్, సెక్యూరిటీ గార్డు ఒకటేనా?

జనం మాటల్లో ఒకటే, కాగితం మీద కాదు. ఏజెన్సీ ద్వారా వచ్చిన గార్డుకు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. గార్డుకు 18 ఏళ్లు నిండి ఉండాలి, 65 దాటకూడదు. ఫోటో ఉన్న ఐడీ కార్డు కనబడేలా పెట్టుకోవాలి. కేంద్రం నమూనా నిబంధనల ప్రకారం క్లాసులో 100 గంటలు, ఫీల్డులో 60 గంటలు శిక్షణ ఉంటుంది. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40, 16 గంటలు చాలు. పోలీసు యూనిఫాం లాగానో ఆర్మీ యూనిఫాం లాగానో కనిపించే బట్టలు వేసుకోవడం నేరం. దర్జాగా ఉంటుందని కొన్ని బళ్లు కావాలనే ఖాకీ కుట్టిస్తాయి, అది మానుకుంటే మంచిది.

బడి నేరుగా పెట్టుకున్న వాచ్‌మన్‌ ఈ చట్టం కిందికి రాడు. అప్పుడు అతనికి పని నేర్పే పూచీ యాజమాన్యానిదే.

శిక్షణ సర్టిఫికెట్లు చూపించమని నేను అడిగిన ప్రతిసారీ "రేపు పంపిస్తాం మేడం" అనేవాళ్లు. ఆ రేపు ఒకే ఒక్క ఏజెన్సీకి వచ్చింది.

గార్డు చేసే పనేముంది? ఎప్పుడు చూసినా కుర్చీలోనే ఉంటాడు.

మీరు చూసేది పదకొండు గంటలప్పుడు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి ప్రేయర్ బెల్లు దాకా, సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టాక అరగంట గేటు దగ్గర నిలబడి చూడండి. బస్సులు వెనక్కి తీయాలి, డ్రాప్ ఆటోలు రోడ్డుకు అడ్డం పడకూడదు, స్కూటీల మీద వచ్చిన తల్లులు గేటుకు ఆనించి ఆపకూడదు, ఆరో తరగతి పిల్ల నీళ్ల సీసా మరిచిపోయానని మళ్లీ లోపలికి పరిగెడుతుంది. ఇదంతా చూసుకుంటూనే ఏ బిడ్డ ఎవరి బండెక్కిందో గమనించాలి. స్టడీ అవర్స్ ఉన్న బళ్లలో చీకటిపడ్డాక ఇదంతా ఇంకోసారి.

మధ్యాహ్నం పూట పని వేరు: విజిటర్స్ రిజిస్టరు, గేట్ పాసులు, వంటసామాను బండి, ప్లంబరు. ఇంటర్వెల్లో వెనక గోడ వైపు ఒక చుట్టు. ఆ గోడ చుట్టు తిరగని గార్డు ఉన్నా లేనట్టే. ఏ హైస్కూల్లో అయినా పిల్లకాయలు దూకే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ గోడకు సున్నం అరిగి ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది.

ఇంకో పని ఎవరూ రాసిపెట్టరు. బడిలో ప్రతి బిడ్డ ముఖాన్నీ రోజుకు రెండుసార్లు చూసే మనిషి అతనొక్కడే. క్లాస్ టీచరుకు నలభై మంది తెలుసు, హెచ్‌ఎంకు బాగా చదివేవాళ్లూ బాగా అల్లరి చేసేవాళ్లూ తెలుసు. గార్డుకు అందరూ తెలుసు. "ఆ తొమ్మిదో తరగతి పిల్ల వారంగా ఏడ్చిన ముఖంతో వస్తోంది మేడం" అని మా గార్డు చెప్పేదాకా మాకెవరికీ పట్టలేదు. అందుకే నెలకోసారి స్టాఫ్ మీటింగులో అతన్ని కూర్చోబెట్టమని పోరాడాను. మూడేళ్లు పట్టింది. మొదటి మీటింగులో అతనికి కుర్చీ వేయడానికి కూడా అటెండరు మొహమాటపడ్డాడు.

మా తమ్ముణ్ణి పంపిస్తే పాపను పంపలేదు. సొంత మేనమామను అనుమానించడం అవమానం కాదా?

అవమానంగానే ఉంటుంది. అయినా పంపకపోవడమే సరి. ఎందుకో చెప్పేముందు, మేం తప్పుచేసిన ఒక సంగతి చెప్పాలి.

ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి అమ్మాయి కోసం మేనమామ వచ్చాడు. అవ్వకు సీరియస్‌గా ఉంది, ఆసుపత్రిలో ఉన్నారు, వెంటనే పంపండి అన్నాడు. ఆయన పేరు మా ఫారంలో లేదు. తల్లికి ఫోన్ చేస్తే తీయలేదు, ఆసుపత్రి లోపల తన అమ్మ పక్కనే ఉంది. తండ్రి డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ స్విచాఫ్. గార్డు నియమం ప్రకారమే ఆపాడు. నలభై నిమిషాలు పట్టింది. అమ్మాయి వెళ్లేసరికి అవ్వ లేదు. మర్నాడు వాళ్లు వచ్చి గార్డును నానా మాటలూ అన్నారు. అతను తలొంచుకుని విన్నాడు. తప్పు అతనిది కాదు. ఫారంలో తల్లికీ తండ్రికీ మాత్రమే గడులు పెట్టిన మాది. పైగా గార్డును ఒంటరిగా గేటు దగ్గర వదిలేసి మేం లోపల ఫోన్లు చేస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాం. ఫారంలో తల్లిదండ్రులు కాక ఇంకో ముగ్గురి పేర్లు, ఫోటోలు తీసుకున్నాం. రెండోది, జాబితాలో లేని మనిషి వస్తే గార్డు నిర్ణయం చేయడు, ఆపి కూర్చోబెట్టి లోపలికి కబురు పెడతాడు. హెచ్‌ఎం గానీ క్లాస్ టీచరు గానీ బయటికి వచ్చి మాట్లాడాలి. మూడోది, బిడ్డను అడగడం. "ఈయన ఎవరమ్మా, నీకు వెళ్లాలని ఉందా?" అని పక్కకు పిలిచి అడిగితే పదమూడేళ్ల పిల్ల నిజమే చెబుతుంది. ఆ ప్రశ్న ఎందుకో చాలా బళ్లలో ఎవరికీ తట్టదు.

కాబట్టి మీ తమ్ముడి పేరు ఈ వారమే ఫారంలో రాయించండి. ఫోటో ఇవ్వండి. ఫోన్ నంబరు మారితే చెప్పండి. మారిన నంబర్లు చెప్పకపోవడమే గేటు దగ్గర జరిగే సగం గొడవలకు మూలం.

భార్యాభర్తలు విడిగా ఉంటున్నాం. ఆయన వస్తే బిడ్డను పంపొద్దని గార్డుకు చెప్పొచ్చా?

గార్డుకు కాదు, హెచ్‌ఎంకు రాతపూర్వకంగా చెప్పాలి. కోర్టు ఉత్తర్వు ఉంటే కాపీ జతచేయాలి. ఉత్తర్వు లేనప్పుడు తండ్రినో తల్లినో శాశ్వతంగా ఆపే అధికారం బడికి లేదు. ఎవరు వచ్చినా రెండోవాళ్లకు ఫోన్ చేయడం మాత్రం బడి చేయగలదు. గార్డు చెవిలో చెప్పి, చేతిలో యాభై పెట్టి వెళ్లే పద్ధతి వద్దు. రెండోవాళ్లు వంద పెడతారు.

గార్డు మా అబ్బాయి బ్యాగు వెతికాడు. అలా చేయొచ్చా?

ఒంటిని తడిమి వెతకడం ఏ గార్డూ చేయకూడదు, ఆడపిల్లల విషయంలో చెప్పనే అక్కర్లేదు. బ్యాగు సంగతి బడి నియమాలను బట్టి ఉంటుంది. ఫోన్లు తేకూడదని మీరు సంతకం పెట్టి ఉంటే టీచరు సమక్షంలో బ్యాగు తెరిచి చూపించమనడం సబబే. తెరవాల్సింది పిల్లవాడే. గార్డు చేయి పెట్టకూడదు. దొరికిన ఫోను అతని జేబులోకి పోకూడదు, కవరులో పెట్టి పేరు రాసి ఆఫీసుకు చేరాలి.

ఈ ప్రశ్న దగ్గరే నా ముఖ్యమైన మాట చెప్పేస్తాను. గార్డుకు బడి ఇవ్వాల్సిన అధికారం పెద్దవాళ్ల మీద, పిల్లల మీద కాదు. మన దగ్గర ఇది తలకిందులైంది. ఆలస్యంగా వచ్చిన ఏడో తరగతి పిల్లవాణ్ణి గద్దిస్తాడు. కారులో వచ్చిన పెద్దమనిషి హారన్ కొడితే పేరైనా అడగకుండా సెల్యూట్ చేసి గేటు తీస్తాడు. తప్పు అతనిదని కూడా అనలేం. ఆ పెద్దమనిషిని ఆపినందుకు ఉద్యోగం పోయినవాళ్లను అతను చూసే ఉంటాడు.

ఆలస్యంగా వచ్చారని పిల్లల్ని గేటు బయటే నిలబెడుతున్నారు. సరైనదేనా?

కాదు. గేటు బయట ఉన్న బిడ్డ ఎవరి లెక్కలోనూ లేదు. ఇంట్లోవాళ్లు బడిలో ఉందనుకుంటారు, బడివాళ్లు ఇంట్లో ఉందనుకుంటారు. మా గేటు మూసి ఉండటం చూసి ఒకసారి ముగ్గురు పదో తరగతి పిల్లకాయలు అట్నుంచి అటే జలపాతం ఉన్న కపిలతీర్థం వైపు పోయారు. సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. క్షేమంగానే వచ్చారు, జుట్టు తడిసి ఉండటంతో దొరికిపోయారు. ఏ శిక్షయినా గేటు లోపలికి తీసుకున్నాకే, అదీ టీచర్లే చూసుకోవాలి. గార్డు పని రిజిస్టరులో పేరు, టైము రాయడం.

గార్డు కొట్టినా, బూతులు తిట్టినా?

టీచరు కొట్టినా తప్పే, గార్డు కొట్టినా తప్పే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం 14 ఏళ్ల వరకే కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. 18 లోపు పిల్లలందరికీ వర్తించే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణ చూసే సంస్థ ఉద్యోగి క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ముందు హెచ్‌ఎంకు రాతపూర్వకంగా ఇవ్వండి. కదలిక లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

గార్డు ఎలాంటివాడో ముందే తెలుసుకున్నారా అని బడిని అడగొచ్చా?

అడగాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం పిల్లలతో పనిచేసే ప్రతి ఉద్యోగికీ పోలీసు వెరిఫికేషన్ చేయించడం బడి బాధ్యత. టీచరైనా, కాంట్రాక్టు మీద వచ్చిన స్వీపరైనా, గార్డైనా, బస్సు క్లీనరైనా ఒకటే. ఒకసారి చేయించి వదిలేయకూడదు, కొన్నాళ్లకోసారి మళ్లీ చేయించాలి. ఏజెన్సీ నెలకొక కొత్త మనిషిని పంపిస్తే ఇది సాగదు. కాంట్రాక్టులోనే "మా అనుమతి లేకుండా మనిషిని మార్చకూడదు" అని రాయించుకోవాలి. గార్డుకు పిల్లల ముఖాలు తెలియడానికే ఒక టర్మ్ పడుతుంది.

ఆడపిల్లలు ఉన్న బడికి మహిళా గార్డు తప్పనిసరా?

ఒక్కరైనా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. బాత్రూముల వైపు, డ్రెస్ మార్చుకునే గది వైపు మగ గార్డు వెళ్లకూడదు. ఆయమ్మకే ఆ బాధ్యత కూడా అంటగడతారు, జీతం మాత్రం పెంచరు.

ఏదైనా చెడు జరిగిందని ఒక పిల్ల గార్డుకు చెబితే అతను ఏం చేయాలి?

జరుగుతుంది. టీచరుకు చెప్పలేనిది వాచ్‌మన్ తాతకు చెప్పిన పిల్లలు ఉన్నారు. చేయాల్సింది ఇది: వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, అదే రోజు హెచ్‌ఎంకు చెప్పాలి. లైంగిక వేధింపు గురించి తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. "బడి పరువు" అని హెచ్‌ఎం అణచిపెడితే గార్డు నేరుగా 112కు గానీ 1098కి గానీ ఫోన్ చేయొచ్చు, అతనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ బిడ్డ పేరు మాత్రం టీ కొట్టు దగ్గర మాటల్లో దొర్లకూడదు.

గేటు ముందు పాన్ డబ్బా, బజ్జీల బండి, బైకుల మీద కుర్రాళ్లు. గార్డు ఏమీ అనడే?

గేటు దాటాక అది రోడ్డు. అక్కడ లాఠీ ఊపే హక్కు అతనికి లేదు. చట్టం మాత్రం మీ వైపే ఉంది. విద్యాసంస్థకు 100 గజాల లోపు సిగరెట్లు, పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం. నూనె, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి బడి గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు. గార్డు చేయగలిగింది బైకు నంబరు, టైము రాసి ఆఫీసుకు ఇవ్వడం. వారం రోజుల నంబర్లతో బడి ఫిర్యాదు చేస్తే పోలీసులు వస్తారు. మా దగ్గర రెండుసార్లు వచ్చారు. బజ్జీల బండిని మాత్రం ఎవరూ కదిలించలేకపోయారు, మా టీచర్లే ఆమె దగ్గర ఖాతా పెట్టుకున్నారు.

మా వాడు పదో తరగతి, స్కూటీ మీద వెళితే గేటు దగ్గర ఆపేస్తున్నారు.

మంచి పని చేస్తున్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పక్క సందులో బండి పెట్టి నడిచి వచ్చేవాళ్ల సంగతి గార్డుకు తెలుసు, అడిగితే చెబుతాడు.

పాము వస్తే? కొండ కింద బడి కాబట్టి చిరుత భయం కూడా ఉంది.

పాము అరుదైన సంగతి కాదు. వానలు మొదలైతే గ్రౌండు చివర, కట్టెల కుప్ప కింద, బాత్రూము తూము దగ్గర ఎప్పుడో ఒకప్పుడు కనబడుతుంది. గార్డు దాన్ని కొట్టబోకూడదు. పిల్లల్ని దూరం జరిపి, చూపు తిప్పకుండా నిలబడి, పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయించాలి. ఎవరినైనా కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. కదలనీయకుండా 108లో తిరుపతి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్లాలి. మంత్రం వేయించడానికి పోయిన అరగంట మళ్లీ రాదు.

చిరుత సంగతి: 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయాక ఈ భయం పెరిగింది. శేషాచలం అంచున ఉన్న యూనివర్సిటీ ప్రాంగణాల్లో కూడా చిరుతలు కనబడ్డాయి. కొండ వైపు గోడ ఉన్న బళ్లలో పొద్దున గేటు తీసే ముందు, సాయంత్రం స్టడీ అవర్ వదిలే ముందు గార్డు టార్చితో ఒక చుట్టు చూసి రావాలి. మిగిలిన అన్నం గోడ అవతల పారేయనివ్వకూడదు. దానికోసం కుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల కబురు ఉన్న రోజున సైకిళ్ల మీద వచ్చే పిల్లల్ని ఒంటరిగా వదలకుండా గుంపుగా పంపాలి.

పిల్లలు బయటికి పోకుండా గేటుకు తాళం వేస్తున్నారు. మంచిదేనా?

తాళం వేయడం తప్పు కాదు, తాళంచెవి కనబడకపోవడం తప్పు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడిలో వంటగది దగ్గర అంటుకున్న మంట ఆకుల కప్పు పట్టి పైకి పాకి 94 మంది పిల్లలు కాలిపోయారు. మనకు అదేం దూరం కాదు. ఏ బడి గేటు దగ్గరైనా నేను మొదట అడిగేది ఒకటే: "అన్నా, వెనక గేటు తాళంచెవి ఎక్కడ?" నడుముకు ఉంటే సరే. "ఆఫీసులో ఉంది, క్లర్కు సెలవు" అంటే ఆ బడికి గార్డు ఉన్నా లేనట్టే. మంటలార్పే సిలిండరు పిన్ను ఎలా లాగాలో కూడా అతనికి తెలియాలి. సాధారణంగా దాని మీద అతని టవలు ఆరేసి ఉంటుంది.

వానల సంగతి కూడా ఇక్కడే. మనకు అసలు వానలు నవంబరు, డిసెంబరులో. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నీళ్లు నిలిచే రైల్వే అండర్ బ్రిడ్జి మీదుగా వెళ్లాల్సిన ఆటోలను ఆపి, తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లల్ని వరండాలో ఉంచడం గార్డు పని. ఆ రాత్రి అతను ఎనిమిదింటికి ఇంటికి వెళతాడు.

సీసీ కెమెరాలు ఉన్నాయి కదా?

కెమెరా జరిగిందాన్ని చూపిస్తుంది. గేటు మూయదు.

ప్రభుత్వ హైస్కూళ్ల పరిస్థితి?

నాడు-నేడు పనుల్లో చాలా బళ్లకు ప్రహరీ గోడలు లేచాయి. నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనంతో నైట్ వాచ్‌మన్లను కూడా పెట్టారు. రాత్రి సామాను కాపలాకు అది పనికొస్తుంది. పగటి గేటు మాత్రం చాలాచోట్ల పీఈటీ మీదో, ఆ పూట లీజరు పీరియడు ఉన్న టీచరు మీదో పడుతుంది. పేరెంట్స్ కమిటీలో ఈ మాట ఎత్తండి. ఊళ్లో రిటైరైన సైనికుడు ఉంటే, ఉదయం గంట, సాయంత్రం గంట నిలబడటానికి ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. చిత్తూరు పల్లెల్లో అలాంటివాళ్లు దొరుకుతారు.

గార్డుకు ఎంత జీతం ఇస్తున్నారో తల్లిదండ్రులకు ఎందుకు?

పన్నెండు గంటల డ్యూటీ చేసి, రాత్రి ఇంకోచోట కాపలా కాసే మనిషి పొద్దున మీ పాపను చూస్తున్నాడు. నిద్ర లేని కళ్లకు ముఖాలు ఆనవు, అందుకు. బడి ఏజెన్సీకి ఇచ్చేది ఒకటి, అతని చేతికి వచ్చేది ఇంకొకటి. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది, అతని వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. పీఎఫ్ ఇద్దరిదీ చెరో 12 శాతం. రెండు వాటాలూ అతని జీతంలోంచే కోసే ఏజెన్సీలను చూశాను. పేరెంట్స్ మీటింగులో "గార్డు షిఫ్టు ఎన్ని గంటలు?" అని ఒక్క ప్రశ్న అడగండి. వేదిక మీద ఎవరు ఎవరి ముఖం చూస్తారో గమనించండి.

రిజిస్టరులో ఫోన్ నంబరు రాయమంటే విసుగ్గా ఉంటుంది. ఏదో ఒక నంబరు రాస్తే ఏమవుతుంది?

మా గార్డు మీ ఎదురుగానే ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. మీ జేబులో ఫోను మోగకపోతే, "అంకె తప్పు పడినట్టుంది సార్, ఇంకోసారి రాయండి" అని పెన్ను చేతికిచ్చేవాడు.